దక్షిణాఫ్రికా దేశభక్తుడు సోల్ ప్లాట్యే

ఒక జాతి స్వాతంత్ర్యము ఒక్క దెబ్బతో కూలుట అరుదు. మొదట శాసనసభలో తన మాట వినిపించుకొను హక్కు పోవును. పిమ్మట తాతముత్తాతలు దున్నిన భూమిపై నిలుచు హక్కు పోవును. తుదకు ఒక యూరినుండి మరియొక యూరికి నిర్భయముగ నడచిపోవు హక్కును పోవును. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున దక్షిణాఫ్రికా నల్లజాతి ప్రజలకు జరిగినది ఇదియే. దక్షిణాఫ్రికా యనగనే మనకు గాంధీమహాత్ముని సత్యాగ్రహమును, నెల్సన్ మండేలా దీర్ఘ కారాగారవాసమును జ్ఞప్తికి వచ్చును. కాని గాంధీగారు నాటాలులోని భారతీయ కూలీల నడుమ గొప్ప సత్యాగ్రహమును నడిపించిన 1913వ సంవత్సరముననే, ఆ దేశముననే, సైకిలెక్కి పల్లెలు దిరిగి, భూమిని కోల్పోయిన రైతుల గాథలను వ్రాసికొనిన పత్రికాసంపాదకు డొకడు గలడు. ఆయనయే సోల్ ప్లాట్యే. మన దేశమున ఆయన పేరు వినినవారు తక్కువ. ఆయన జీవితము మాత్రము భూమిగలవారును, ఓటుగలవారును తప్పక తెలిసికొనదగినది.

సోలొమన్ చెకిషో ప్లాట్యే 1876వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన ఆరెంజి ఫ్రీ స్టేటులోని బోషాఫ్ పట్టణ సమీపమున జన్మించెను. అది అప్పుడు బోయరుల రాజ్యము. ప్రధానముగ హాలెండునుండి వచ్చి స్థిరపడిన తెల్లవారి సంతతికి బోయరులని పేరు. ప్లాట్యే త్స్వానా జాతిలో బరొలోంగ్ తెగకు చెందినవాడు. ఆయన బాల్యముననే కుటుంబము కేప్ రాష్ట్రమునకు వచ్చి, కింబర్లీ వజ్రపు గనులకు చేరువనున్న పినియేల్ అను జర్మను మిషనరీల గ్రామమున నివసించెను. ఆ మిషనరీ పాఠశాలయే ఆయన విద్యాలయము. ఉన్నత పాఠశాల చదువు ఆయనకు లభింపలేదు. అయినను స్వయంకృషిచే ఇంగ్లీషు, డచ్చి, జర్మను భాషలను, చుట్టుపట్ల జాతుల భాషలను గూడ అలవరచుకొని బహుభాషావేత్త యయ్యెను.

1894లో ఆయన కింబర్లీ తపాలా కార్యాలయమున తంతివార్తలు మోయు జవానుగా చేరెను. పగలు ఉద్యోగము, రాత్రి చదువు. 1898లో ఎలిజబెత్ ఎంబెల్లె అను విద్యావతిని వివాహమాడెను. వధూవరుల జాతులు వేరు, మాతృభాషలు వేరు. అందుచే ఇరుపక్షముల పెద్దలును తొలుత సమ్మతింపలేదు. ఆ యేడే మాఫెకింగ్ పట్టణపు న్యాయస్థానమున ఆయనకు దుబాసీ పదవి లభించెను. న్యాయాధిపతి భాష ముద్దాయికి దెలియదు, ముద్దాయి భాష న్యాయాధిపతికి దెలియదు. నడుమ నిలిచినవాడు ఒక్క మాట తప్పుగ జెప్పినచో నిరపరాధి చెరసాల పాలగును. ఇతరుల బాధను ఉన్నదున్నట్లుగ, హెచ్చుతగ్గులు లేక అధికారులకు విన్నవించు విద్య ఆయనకు ఇచ్చటనే అలవడెను. మున్ముందు ఆయన చేసిన రాజకీయ సేవయంతయు ఈ దుబాసీ పనికి విస్తరణమే యనవచ్చును.

1899 అక్టోబరులో బోయరులకును ఆంగ్లేయులకును యుద్ధము ప్రారంభమయ్యెను. బోయరుల సేనలు మాఫెకింగును ముట్టడించి 217 దినములు దిగ్బంధించెను. ఆ కాలమున ప్లాట్యే దినచర్య వ్రాసెను. అది ఆయన మరణానంతరము చాలకాలమునకు బయల్పడి 1973లో ప్రకటింపబడెను. ఆ పట్టణరక్షణలో బరొలోంగ్ ప్రజలును తుపాకులు పట్టి పోరాడిరి. ఆకలిబాధ తెల్లవారికంటె వారికే మిక్కుటమయ్యెను. ఆంగ్లేయులు గెలిచినచో తమకు కేప్ రాష్ట్రమునందువలె హక్కులు లభించునని నల్లజాతివారు ఆశించిరి. కాని 1902లో కుదిరిన సంధిపత్రమునందు, బోయరుల రాజ్యములలో నల్లజాతివారికి ఓటు నొసగు ప్రశ్నను ఆ రాజ్యములకు స్వపరిపాలన వచ్చువరకు తలపెట్టరాదని వ్రాసికొనిరి. స్వపరిపాలన పిమ్మట అధికారము తెల్లవారిదే గావున ఆ ప్రశ్న నాడే సమాధి యయ్యెను.

కేప్ రాష్ట్రపు ఓటును గూర్చి ఇచ్చట కొంత చెప్పవలసియున్నది. నిర్ణీతమైన ఆస్తియో ఆదాయమో కలిగి, తన పేరు, వృత్తి వ్రాయనేర్చిన పురుషునకు జాతిభేదము లేక అచ్చట ఓటుండెను. స్త్రీలకు గాని బీదలకు గాని అది లేదు. దాని లోపములు స్పష్టమే. అయినను నల్లజాతివాని యింటికి శాసనసభాసభ్యుడు ఓటు యాచించుటకై వచ్చునట్టి గౌరవము ఆ దేశమున మరెచ్చటను లేకుండెను. ప్లాట్యే ఈ హక్కును ప్రాణసమానముగ నెంచెను. ప్రభుత్వోద్యోగమును వదలి, 1902 మొదలుకొని మాఫెకింగులో త్స్వానా, ఇంగ్లీషు భాషలలో వెలువడు వారపత్రికకు సంపాదకుడయ్యెను. పిదప కింబర్లీనుండి మరి రెండు పత్రికలను నడపెను. వానిలో కడపటిదాని పేరునకు మన భాషలో ప్రజామిత్రమని యర్థము.

1910 మే 31న నాలుగు రాష్ట్రములును కలిసి దక్షిణాఫ్రికా సమాఖ్య ఏర్పడెను. కేప్ ఓటు కేప్‌నకే పరిమితమయ్యెను. సమాఖ్య పార్లమెంటున సభ్యులగుటకు తెల్లవారు మాత్రమే అర్హులైరి. ఇట్లు మొదటి హక్కు పోయెను. దీనికి ప్రతిగా 1912 జనవరి 8న బ్లూంఫంటేన్ నగరమున నల్లజాతి నాయకులు సమావేశమై ఒక జాతీయ కాంగ్రెసును స్థాపించిరి. 1923 తరువాత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసను పేరుతో ప్రఖ్యాతి గాంచినది ఆ సంస్థయే. జాన్ డ్యూబే దానికి ప్రథమాధ్యక్షుడు, ప్లాట్యే ప్రథమ ప్రధానకార్యదర్శి.

సంవత్సరము దాటి కొన్ని నెలలు గడచునంతలో రెండవ దెబ్బ తగిలెను. 1913 జూన్ 19న దేశీయుల భూశాసనము అమలులోనికి వచ్చెను. జనాభాలో సుమారు మూడింట రెండువంతులు నల్లజాతివారు. వారికై ప్రత్యేకింపబడిన భూమి దేశమున నూటికి ఏడు పాళ్లు మాత్రమే. ఆ హద్దులకు వెలుపల వారు ఇతరజాతులవారినుండి భూమి కొనరాదు, కౌలునకు దీసికొనరాదు. శాసనమును మీరినచో నూరు పౌనుల వరకు జరిమానా, లేక ఆరు మాసముల వరకు ఖైదు. అప్పటివరకు ఫ్రీ స్టేటులో నల్లజాతి రైతు తన యెడ్లు, తన నాగలి, తన విత్తనములతో తెల్లవాని భూమిని దున్ని, పండినదానిలో సగము పాలు ఇచ్చి సగము పాలు అనుభవించుచుండెను. పాలునకు సేద్యము మన రైతులకు తెలియనిది కాదు. కొత్త శాసనము అచ్చట దీనిని నిషేధించెను. రైతు ఆ భూమిపై నిలువవలెనన్న తన యెడ్లను, తన భార్యాబిడ్డల శ్రమను యజమానునికి ధారపోసి పాలేరుగ మారవలెను. లేనిచో సంసారముతో, పశువులతో రోడ్డు పట్టవలెను.

ఆ దేశమున జూన్, జూలై మాసములు చలికాలము. ప్లాట్యే సైకిలుపై వాల్ నదీ ప్రాంతమునందును, ఫ్రీ స్టేటునందును సంచరించి, బండ్లపై సామానులు వేసికొని ఎచ్చటికి పోవలయునో తెలియక తిరుగుచున్న కుటుంబములను కలిసికొనెను. నిలుచుటకు చోటు లేదు, మేపుటకు బీడు లేదు. దారిలో పశువులు చచ్చిపోవుచుండెను. ఒక కుటుంబమున పసిబిడ్డ ప్రయాణములో మరణించెను. పూడ్చుటకు తమదను జానెడు నేల లేదు. పరుల భూమిలో పూడ్చినచో అపరాధము. తల్లిదండ్రులు రాత్రివేళ ఎవ్వరి కంటను బడకుండ గోతిని త్రవ్వి బిడ్డను దాచి ముందునకు సాగిపోయిరి. ప్రాణముండగా ఇల్లు లేకుండుట ఒక బాధ. మరణించిన పిమ్మట సమాధికి గూడ దొంగతనము చేయవలసివచ్చుట ఏ శాసనమునకు సమకూరిన కీర్తియో పాఠకులే యోచింతురుగాక.

మూడవ హక్కు సంచారస్వేచ్ఛ. ఫ్రీ స్టేటు పట్టణములలో నల్లజాతి స్త్రీలు గూడ ప్రభుత్వపు అనుమతిపత్రములను డబ్బిచ్చి కొని, వెంట నుంచుకొనవలసియుండెను. వీథిలో పోలీసు అడిగినప్పుడు చూపనిచో చెరసాలయే. 1913లో బ్లూంఫంటేన్ స్త్రీలు ఆ పత్రములను నిరాకరించి గుంపులు గుంపులుగ కారాగారమున కేగిరి. ప్లాట్యే క్రూన్‌స్టాట్ చెరసాలకు స్వయముగ బోయి, శీతకాలమున కఠినశిక్ష ననుభవించుచున్న ఆ స్త్రీలను చూచి, వారి యవస్థను లోకమునకు దెలిపెను. ఆ యేడే భారతీయ స్త్రీలును సత్యాగ్రహమున ఖైదునకు బోయిరి. రెండు పోరాటములును ఒకే దేశమున, ఒకే సంవత్సరమున జరిగినను, ఆనాటికి ఒకదానితో నొకటి చేయి కలుపలేదు. చేయి కలుపుటకు చాల యేండ్లు పట్టెను.

1914లో కాంగ్రెసు ఐదుగురు ప్రతినిధులను లండనుకు బంపెను. డ్యూబే, ప్లాట్యే వారిలో నుండిరి. ప్రధానమంత్రి బోతా వలదని వారించినను వారు బయలుదేరిరి. వలసరాజ్యముల మంత్రి హార్కోర్టు వారి మాట విని, దక్షిణాఫ్రికా ప్రభుత్వపు వ్యవహారములలో తాము కలుగజేసికొనజాలమని పంపివేసెను. ఆగస్టులో మహాయుద్ధము వచ్చెను. తక్కినవారు తిరిగిపోయిరి. ప్లాట్యే మాత్రము అచ్చటనే నిలిచెను. చేతిలో ధనము లేదు. స్వదేశమున ఆయన పత్రిక 1915లో నిలిచిపోయెను, కుటుంబము అప్పులపాలయ్యెను. అయినను మూడు వందలకు పైగా సభలలో ప్రసంగించి, తాను చూచినదంతయు గ్రంథముగా వ్రాసి 1916లో ప్రకటించెను. దక్షిణాఫ్రికాలో దేశీయుల జీవనమని దాని పేరునకు అర్థము. అందు ఆవేశమున్నది గాని అతిశయోక్తి లేదు. శాసనపు నిబంధనలు, పార్లమెంటు చర్చలు, బాధితుల వృత్తాంతములు ఒక న్యాయస్థానమున సాక్ష్యము లుంచినట్లు వరుసగ నుంచెను.

1917లో స్వదేశమునకు రాగా కాంగ్రెసు అధ్యక్షపదవి ఆయనను వెదకికొని వచ్చెను. ఆర్థికపు చిక్కులవలన దానిని స్వీకరింపలేదు. 1919లో మరల రాయబారమున లండను చేరి, నవంబరులో ప్రధానమంత్రి లాయిడ్ జార్జితో మాటాడెను. లాయిడ్ జార్జి చలించి, మన గాంధీగారికి పూర్వపరిచితుడైన స్మట్సు దొరకు ఈ విషయమై లేఖలు వ్రాసెను. స్మట్సు నాడు దక్షిణాఫ్రికా ప్రధాని. లేఖలవలన శాసనపు అక్షరమొక్కటియు మారలేదు. పిమ్మట ప్లాట్యే కెనడా, అమెరికా దేశములలో పర్యటించి, అచ్చటి నల్లజాతి నాయకులగు డుబోయిస్, గార్వీ మున్నగువారితో పరిచయము చేసికొనెను. ఆయన అమెరికాలో నుండగనే, 1921లో, స్వదేశమున ఆయన కూతురు ఆలివ్ మరణించెను. దేశసేవ ఆ తండ్రినుండి గైకొన్న మూల్యమిది. 1923లో రిక్తహస్తములతో ఇల్లు చేరెను.

రాజకీయమున ద్వారములన్నియు మూతపడినప్పుడు ఆయన భాషను ఆశ్రయించెను. భూమిని కోల్పోయిన ప్రజలు భాషను గూడ కోల్పోయినచో వారికి మిగులున దేమి? అంతకుమున్నే 1916లో త్స్వానా సామెతలను 732 సేకరించి ప్రకటించియుండెను. షేక్‌స్పియర్ నాటకములను మాతృభాషలోనికి దెచ్చెను. 1930లో ముద్రితమైన ఆయన నవల మ్హూదీ, దక్షిణాఫ్రికా నల్లజాతివాడు ఇంగ్లీషున వ్రాసిన తొలి నవలగా ప్రసిద్ధి కెక్కెను. 1830 ప్రాంతపు చరిత్ర దాని యితివృత్తము. ఆ కాలమున ఓడిపోయి, పశువులను కోల్పోయి వచ్చిన బోయరులకు బరొలోంగ్ ప్రభువు మొరోకా ఎద్దుల నిచ్చి, ఆశ్రయమిచ్చి కాపాడెను. ఆశ్రితుల సంతతివారే ఆశ్రయమిచ్చినవారి సంతతిని తరువాత భూమినుండి వెళ్లగొట్టిరను సత్యమును పాఠకుడు తనకు దానే గ్రహించును.

1932లో జోహాన్నెస్‌బర్గుకు బోయినప్పుడు న్యుమోనియా సోకి, పిమ్‌విల్ అను నల్లజాతివారి పేటలో ఆయన మరణించెను. ఆ దినము జూన్ 19. భూశాసనము అమలునకు వచ్చి సరిగా పందొమ్మిది సంవత్సరములు. కళేబరమును కింబర్లీకి గొనిపోయి సమాధిచేసిరి. ఆయన ప్రాణసమానముగ నెంచిన కేప్ ఓటరుల సామాన్య జాబితానుండి నల్లజాతివారిని 1936లో తొలగించిరి. ఆ యవమానమును ఆయన చూడలేదు.

ఆయన నడిపిన మార్గములో లోపములు లేకపోలేదు. ఆంగ్ల రాజ్యాంగముయొక్క న్యాయబుద్ధిని చాలకాలము నమ్మెను. మన తొలితరము మితవాదులవలె విజ్ఞప్తులపై విజ్ఞప్తులు పంపెను. కాని ఒక్క విషయమున ఆయన దృష్టి మిక్కిలి నిశితము. భూశాసనపు గొలుసు ఇతర రాష్ట్రములందు బిగిసినట్లు కేప్ రాష్ట్రమున బిగియలేదు. ఏలయన అచ్చట ఓటు ఆస్తితో ముడిపడియుండుటచే, ఆస్తి సంపాదించు హక్కును తీసివేసినచో ఓటునకు భంగము గలుగును. ఆ హక్కునకు భంగము రాకూడదని శాసనమే ఒప్పుకొనవలసివచ్చెను. ఓటున్నచోట చేను నిలిచెను, ఓటు లేనిచోట చేను పోయెను. చేనికి కంచె యనగ నిదియే. ఆ కంచె లేని ప్రజలకు ప్రభుత్వమే కంచె యనుకొన్నచో, కంచే చేను మేసినట్లగును.

ఆ శాసనము 1991లో రద్దయ్యెను. 1994 ఏప్రిలులో నల్లజాతి ప్రజలందరును తొలిసారి ఓటు వేసిరి. ఆ సంవత్సరముననే కొత్త ప్రభుత్వము భూమి పునరుద్ధరణ శాసనమును చేసి, జాతివివక్షవలన ఎప్పటినుండి భూమిని కోల్పోయినవారు న్యాయము కోరవచ్చునో ఆ తేదీని నిర్ణయించెను. ఆ తేదీ 1913 జూన్ 19. ఓటు వచ్చిన పిదపనే భూమికి విచారణ వచ్చెను. ప్లాట్యే చెప్పిన క్రమమే అది. ఆయన పంపిన విజ్ఞప్తులు కార్యాలయముల బీరువాలలో మ్రగ్గిపోయెను. వ్రాసియుంచిన సాక్ష్యము మాత్రము నిలిచెను. తన జీవితకాలమున ఒక్క ఎకరమును తిరిగి సంపాదింపలేకపోయినను, ఆ రాత్రి దొంగతనముగ త్రవ్వబడిన పసిబిడ్డ గోతిని లోకము మరువకుండ ఆయన చేసెను. అన్యాయమును తేదీతో సహా వ్రాసియుంచినవాడు వ్యర్థముగ జీవింపలేదు.