చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్

ప్రార్థనకై జోడించిన రెండు చేతుల పటము పెక్కు క్రైస్తవ గృహములలో గోడలపై కానవచ్చును. దాని మూలచిత్రమును లిఖించినవాడు జర్మను దేశీయుడగు ఆల్బ్రెక్ట్ డ్యూరర్. సోదరుని విద్యకొరకు గనిలో పాటుపడి మొద్దువారిన చేతులే యవి యని యొక కథ వాడుకలో నున్నది. ఆ కథకు ఆధారము లేదు. ఆతని నిజచరిత్ర మంతకంటె బోధకమని తలచి, సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

డ్యూరర్ 1471 మే 21వ తేదీని నూరెంబర్గు పట్టణమున జన్మించెను. తండ్రి హంగేరీనుండి వచ్చి స్థిరపడిన స్వర్ణకారుడు. తల్లి బార్బరా 18 మంది బిడ్డలను గనెను. వారిలో పెక్కండ్రు చిన్ననాడే గతించిరి. తండ్రి ఆల్బ్రెక్టునకు తన వృత్తినే నేర్పెను. బాలుడు 13వ యేట అద్దములో జూచుకొని తన రూపమును తానే లిఖించెను. 1484 నాటి యా చిత్రము వియన్నాలో నేటికిని భద్రముగా నున్నది. చిత్రకళ నభ్యసింతునని కుమారుడు కోరగా, వృత్తియందు గడపిన కాలము వ్యర్థమయ్యెనని తండ్రి చింతిల్లెను. అయినను నిర్బంధింపక, 1486లో మైకేల్ వోల్గెముట్ అను చిత్రకారునికడ శిష్యునిగా జేర్చెను.

ఆ కాలము వ్యర్థము కాలేదు. లోహముపై సన్నని గీతలు చెక్కుటకు దుకాణమున నలవడిన నేర్పే తరువాత రాగిరేకులపై నాతనికి కీర్తి దెచ్చెను. 1498లో ప్రకటన గ్రంథమునకు 15 కొయ్యచెక్కడపు బొమ్మలను రచించి ప్రకటించెను. వర్ణచిత్రమును ధనికుడే కొనగలడు. అచ్చుబొమ్మ సామాన్యులకును అందును. భార్య ఆగ్నెసు, తల్లి బార్బరా వానిని సంతలలో విక్రయించి తోడ్పడిరి.

చేతుల చిత్రము 1508 నాటిది. ఫ్రాంక్‌ఫర్టు నగరమందలి దేవాలయమునకై తలపెట్టిన పెద్ద పటమునకు సన్నాహముగా నీలికాగితముపై దానిని లిఖించెను. ఆ పెద్ద పటము 1729లో అగ్ని కాహుతియయ్యెను. సన్నాహముగా వ్రాసినది నిలిచినది!

1514లో వృద్ధురాలైన తల్లి రూపమును బొగ్గుతో లిఖించెను. ముడుతలను గాని, ఎముకలు తేలిన ముఖమును గాని దాచలేదు. కొలది వారములకే యామె మరణించెను.

మన దేశముతోను ఆతని కొక సంబంధము కలదు. గుజరాతు సుల్తాను పోర్చుగీసువారి కిచ్చిన ఖడ్గమృగము 1515లో లిస్బను చేరెను. డ్యూరర్ దానిని కన్నులార చూడలేదు. ఒకరి వర్ణనను, గీతచిత్రమును ఆధారముగా గొని బొమ్మను రచించి, వీపుపై లేని చిన్న కొమ్మును చేర్చెను. ఆ బొమ్మనే ఐరోపావారు రెండువందల యేండ్లకు పైగా నమ్మిరి. గొప్పవాని పొరపాటును గొప్పగానే వ్యాపించునని విద్యార్థులు గ్రహింతురుగాక.

1526లో యోహాను, పేతురు, మార్కు, పౌలుల నిలువెత్తు చిత్రములను స్వపట్టణమునకు సమర్పించెను. 1528 ఏప్రిలు 6వ తేదీని, 56వ యేట, నూరెంబర్గులోనే పరమపదించెను.

తండ్రి నేర్పిన పని కుమారుడు కోరిన కళకు పునాదియయ్యెను. కావున నేడు మనకు రుచింపని పాఠమును సైతము శ్రద్ధతో నేర్చుకొందము. అది యెన్నడు మనచేతికి అక్కరకు వచ్చునో మన మెరుగము.