వికటకవి తెనాలి రామకృష్ణుడు

విద్యార్థులారా, పిల్లికి మరుగుపాలు పెట్టి, పిమ్మట పాలు చూచిన పారిపోవునట్లు చేసిన చతురుని కథ విననివారు మీలో నుండరు. ఆ చతురునకు తల్లిదండ్రులు గలరు, కావ్యములు గలవు. వానిని గూర్చి మనమంతగా విచారింపము.

తెనాలి రామకృష్ణకవి పదునారవ శతాబ్దివాడు. తండ్రి గార్లపాటి రామయ్య, తల్లి లక్ష్మమ్మ. మొదట శైవుడై, రామలింగడను పేర ఉద్భటారాధ్యచరిత్రమును రచించి ఊరదేచమంత్రికి అంకిత మొసగెను. పిమ్మట వైష్ణవుడై పాండురంగమాహాత్మ్యమును, ఘటికాచలమాహాత్మ్యమును వ్రాసెను. ఈ ఘటికాచలము మనకు దూరము గాదు. చిత్తూరు సీమకు చేరువనే తమిళనాట నున్న షోలింగరు నరసింహస్వామి కొండయే యది.

1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయల అష్టదిగ్గజములలో ఇతడొకడని ప్రసిద్ధి. రాయల తరువాతి కాలమువాడని తలచు పండితులును గలరు. జనులు ఈ వాదము తేలువరకు ఆగలేదు. కాళికాదేవి విద్యకొక గిన్నెయు, ధనమునకొక గిన్నెయు చూపి ఒకటి కోరుకొమ్మనగా, రెంటిని త్రాగివైచి, దేవిచేతనే వికటకవి యనిపించుకొన్నాడని చెప్పుకొనిరి. దొంగలచేత రాత్రియంతయు నూతినీరు తోడించి తోట తడుపుకొన్నాడనిరి. అక్బరు కొలువులోని బీర్బలునకును, తురుష్కదేశపు నస్రుద్దీను హోజాకును ఇదే గతి పట్టినది. యజమాని తెలియని హాస్యమెల్ల వీరి ఖాతాలో పడును! 1956లో చలనచిత్రముగా వచ్చినదియు ఈ కొలువు చతురుని కథయే.

అసలు కవిని చూడగోరువారు పాండురంగమాహాత్మ్యములోని నిగమశర్మ కథ చదువవలెను. నిగమశర్మ బ్రాహ్మణకుమారుడు, దుర్వ్యసనములపాలై పెద్దల ఆస్తి నెల్ల హరించినవాడు. లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుడు మనకు జ్ఞప్తికి రాకపోడు. అచ్చట అన్న కోపించి వెలుపలనే నిలిచెను. ఇచ్చట అక్క భర్తను, బిడ్డలను వెంటబెట్టుకొని పుట్టింటికి వచ్చి, తమ్మునికి ప్రేమతో బుద్ధి చెప్పును. అతడును మారినవానివలె కొన్నినాళ్లు ఇల్లు కదలడు. ఇంటివారెల్ల సంతసించిరి. ఒకనాటి రాత్రి అందరు నిద్రింపగా నగలన్నియు మూటగట్టుకొని పోయెను. తెల్లవారిన పిమ్మట అక్క తన క్రొత్త ముక్కరకై విలపించును. ఆ దుఃఖమును చదువునప్పుడు నవ్వు వచ్చును, జాలియు కలుగును. కవి యామెకు పేరైనను పెట్టలేదు. అయినను నిగమశర్మ అక్క యనిన తెలుగు చదివినవారెల్ల నెరుగుదురు. ఈ కావ్యము పంచకావ్యములలో నొకటిగా ఎన్నబడుటకు ఆమెయే ముఖ్యకారణమని నా తలంపు.