పాత నీటి విలువ తెలిసిన కోచ్ నార్మ్ స్మిత్

మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ అనగానే మనకు బాక్సింగ్ డే టెస్టు గుర్తొస్తుంది. మెల్‌బోర్న్ జనానికి మాత్రం ఏటా ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ గ్రాండ్ ఫైనల్ జరిగే చోటు కూడా అదే. ఇది మనం చూసే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని కాలితో తన్నుతారు, పిడికిలితో కొట్టి అందిస్తారు. జట్టుకు 18 మంది మైదానంలో ఉంటారు. గోల్‌కు 6 పాయింట్లు.

ఆ ఫైనల్లో అందరికన్నా బాగా ఆడినవారికి 1979 నుంచి ఇస్తున్న పతకం పేరు నార్మ్ స్మిత్ మెడల్. జట్టు సగటు వయసెంత, ఒక్కొక్కరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారు అన్న లెక్కలు ఇప్పుడు ప్రతి క్లబ్ వేసుకుంటుంది. కుర్రాళ్లను నమ్మాలా, అనుభవాన్ని నమ్మాలా అన్న ప్రశ్న స్మిత్‌కు మాత్రం ఆటగాడిగా, కోచ్‌గా జీవితమంతా ఎదురైంది.

స్మిత్ 1915లో మెల్‌బోర్న్‌లో పుట్టారు. 1935లో మెల్‌బోర్న్ క్లబ్ తరఫున ఆట మొదలుపెట్టి 210 మ్యాచ్‌లు ఆడారు. కోచ్ చెకర్ హ్యూస్ వద్ద 1939, 1940, 1941లో వరుసగా మూడు టైటిళ్లు గెలిచిన జట్టులో ఆయన ఉన్నారు. 1948లో నాలుగోది దక్కింది. ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్ సమమై మళ్లీ ఆడాల్సి వచ్చింది. రిజర్వ్ జట్టులో ఉన్న 33 ఏళ్ల జాక్ ముల్లర్‌ను ఫైనల్స్ కోసం వెనక్కి పిలిస్తే, ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ ఆరేసి గోల్స్ కొట్టాడు. ముల్లర్, స్మిత్ ఒకే ఏడాది పుట్టినవాళ్లు. వయసు మళ్లిందనుకున్న ఆటగాడు పెద్ద మ్యాచ్‌లో ఏం చేయగలడో స్మిత్ పక్కనుండి చూశారు.

ఫిట్‌జ్‌రాయ్ క్లబ్‌లో మూడేళ్లు కోచింగ్ చేశాక, 1952లో ఆయన సొంత క్లబ్‌కు కోచ్‌గా తిరిగొచ్చారు. 1953లో 12 జట్ల లీగ్‌లో మెల్‌బోర్న్ 11వ స్థానంలో నిలిచింది. ఆ ఏడాదే 17 ఏళ్ల రాన్ బరాసీ తొలి మ్యాచ్ ఆడాడు. అతడి తండ్రి ఒకప్పుడు స్మిత్‌తో కలిసి ఆడినవాడు. 1941లో టోబ్రుక్ యుద్ధంలో చనిపోయాడు. తల్లి టాస్మేనియాకు వెళ్లినప్పుడు స్మిత్ దంపతులు బరాసీని తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. అలాగని మైదానంలో గారాబం లేదు. బంతి కోసం గాల్లోకి ఎగిరే రక్‌మన్ పాత్రకు బరాసీ ఎత్తు చాలదు. అందుకని రక్‌మన్‌కు తోడుగా మైదానమంతా పరుగెత్తే రక్-రోవర్ పాత్రను స్మిత్ అతడి కోసం తీర్చిదిద్దారు.

1954లో ఆ కుర్ర జట్టు గ్రాండ్ ఫైనల్‌ దాకా వెళ్లి ఫుట్‌స్క్రే చేతిలో 51 పాయింట్ల తేడాతో చిత్తయింది. ఇంకో కోచ్ అయితే మార్పులు మొదలుపెట్టేవాడేమో! స్మిత్ ఆ కుర్రాళ్లలో చాలామందిని అలాగే ఉంచారు. ఓటమే వాళ్లకు అనుభవమైంది. 1955, 1956, 1957లో టైటిల్ వాళ్లదే. నాలుగోదీ గెలిస్తే 1927-30 నాటి కాలింగ్‌వుడ్ రికార్డు సమమయ్యేది. 1958లో కాలింగ్‌వుడ్డే అడ్డుపడి 18 పాయింట్లతో గెలిచింది. మెల్‌బోర్న్ మళ్లీ 1959, 1960లో, చివరగా 1964లో గెలిచింది.

పదేళ్లలో ఆరు టైటిళ్లు. ఆ ఆరు ఫైనల్స్‌లోనూ ఆడింది మాత్రం ఇద్దరే: బరాసీ, ఫ్రాంక్ ఆడమ్స్. మిగతావాళ్లు వస్తూ పోతూ ఉన్నారు. కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోతుందంటారు. స్మిత్ జట్టులో పాత నీరు కొంత ఎప్పుడూ నిలిచే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు గెలవడం ఎలాగో ఆ కొద్దిమందిని చూసే నేర్చుకున్నారు.

1964 ఫైనల్లో కాలింగ్‌వుడ్‌పై గెలుపు 4 పాయింట్లతోనే. ఆ సీజన్ ముగియగానే బరాసీ కార్ల్‌టన్‌కు కెప్టెన్-కోచ్‌గా వెళ్లిపోయాడు. 1965లో మెల్‌బోర్న్ తొలి ఎనిమిది మ్యాచ్‌లూ గెలిచి, ఆ తర్వాత తడబడింది. పాలకవర్గంతో అప్పటికే స్మిత్‌కు పొసగడం లేదు. జూలైలో ఒక శుక్రవారం రాత్రి ఆయన్ను తీసేస్తున్నట్లు ఇంటికి లేఖ వచ్చింది. ఆరు టైటిళ్ల కోచ్‌కు ఎదురుగా కూర్చుని చెప్పే మర్యాద కూడా దక్కలేదు. మర్నాటి మ్యాచ్‌కు 71 ఏళ్ల హ్యూస్‌ను రప్పిస్తే జట్టు ఓడింది. నగరం భగ్గుమంది. వారం తిరక్కుండానే స్మిత్‌ను మళ్లీ పిలిచారు. కానీ తెగిన నమ్మకం అతకలేదు. ఏడాది మొదట్లో ఓటమి ఎరుగని జట్టు ఏడో స్థానంతో సరిపెట్టుకుంది.

1967 తర్వాత ఆయన క్లబ్‌ను వీడారు. 1969లో సౌత్ మెల్‌బోర్న్ కోచింగ్ చేపట్టి, 1945 నుంచి ఫైనల్స్ ముఖం చూడని ఆ జట్టును 1970లో అక్కడికి చేర్చారు. మరుసటి ఏడాదే ఆ జట్టు అట్టడుక్కి జారింది. 1973 జూలైలో మెదడులో కణితితో స్మిత్ కన్నుమూశారు. వయసు 57 ఏళ్లు.

మెల్‌బోర్న్ మళ్లీ ఫైనల్స్ ఆడటానికి 1987 దాకా, టైటిల్ గెలవడానికి 2021 దాకా పట్టింది. దీనికంతటికీ ఒక్క శుక్రవారం రాత్రే కారణమంటే అతిశయోక్తి అవుతుంది. ఆటగాళ్ల వయసు, ఆడిన మ్యాచ్‌లు పట్టికలో కనిపిస్తాయి. ఒక తరం నేర్చుకున్నది తర్వాతి తరానికి అందించే మనిషి విలువ ఏ పట్టికలోనూ కనిపించదు. ఆ మనిషిని పోగొట్టుకుంటే ఎంత నష్టమో మెల్‌బోర్న్ క్లబ్‌కు తెలుసు.