రూజ్‌వెల్ట్ గుండె: ఎక్స్‌రేలో కనిపించినా దేశానికి తెలియలేదు

1944 మార్చి చివరి వారం. వాషింగ్టన్ పక్కనే ఉన్న బెథెస్డా నేవీ ఆసుపత్రికి చక్రాల కుర్చీలో ఒక పేషెంటును తీసుకొచ్చారు. వయసు 62. నెలల తరబడి వదలని దగ్గు, జ్వరం, సాయంత్రమైతే తలనొప్పి. మాట్లాడుతూ మాట్లాడుతూనే కునుకు తీస్తున్నాడు. సంతకం పెడుతుంటే కలం మధ్యలోనే జారిపోతోంది. వచ్చిన మనిషి అమెరికా ప్రెసిడెంటు ఫ్రాంక్లిన్ డెలానో రూజ్‌వెల్ట్. అప్పటికి పదకొండేళ్లుగా ఆయనే ప్రెసిడెంటు. బయట ప్రపంచ యుద్ధం నడుస్తోంది, ఫ్రాన్స్ తీరంలో సైన్యాన్ని దించే ఏర్పాట్లు జోరుగా సాగుతున్నాయి.

ఈ పరీక్ష జరిగిందంటే కూతురు ఆనా పట్టుబట్టడం వల్లే. వైట్‌హౌస్ డాక్టర్ రాస్ మెకిన్‌టైర్ చెవి, ముక్కు, గొంతు స్పెషలిస్టు. ప్రెసిడెంటుకు సైనస్ ఇబ్బంది ఉండేది కాబట్టి మొదట్లో ఆయన సరిపోయాడు. కానీ జబ్బు ముక్కు దాటి ఎప్పుడో కిందికి దిగింది. ఆ సంగతి కూతురికి తట్టింది, డాక్టరుకు తట్టలేదో, తట్టినా పైకి అనలేదో.

బెథెస్డాలో రూజ్‌వెల్ట్‌ను చూసింది గుండె డాక్టర్ హోవర్డ్ బ్రూయెన్. నేవీలో లెఫ్టినెంట్ కమాండర్. మంచం మీద ఇటు నుంచి అటు జరిపితేనే పేషెంటుకు ఆయాసం వస్తోంది. పెదాలు కాస్త నీలంగా ఉన్నాయి. ఊపిరితిత్తుల అడుగున నీటి చప్పుడు. బీపీ 186/108. పాత కాగితాలు తెప్పించి చూస్తే అసలు కథ బయటపడింది. 1935లో 136/78. 1937లో 162/98. 1940లో 178/88. 1941 ఫిబ్రవరిలో 188/105. ఆరేళ్లలో పై అంకె 52 పెరిగింది. అప్పు తీర్చకపోతే వడ్డీ ఎలా పేరుకుంటుందో అలాగే. లెక్క రాసిపెట్టారు గానీ, దాన్ని చూసి కంగారు పడ్డవారు లేరు. వయసు మీద పడ్డవారికి బీపీ పెరగడం మామూలే అనుకునే డాక్టర్లు ఆ రోజుల్లో చాలామందే ఉండేవారు. గట్టిగా పనిచేసే మందు కూడా లేదు.

తర్వాత ఎక్స్‌రే తీశారు, ఫ్లోరోస్కోపీ చేశారు. గుండె నీడ బాగా పెద్దదిగా కనిపించింది. పెరిగింది ముఖ్యంగా ఎడమ కింది గది, అంటే ఒళ్లంతటికీ రక్తం తోసే గది. పెద్ద రక్తనాళం కూడా వెడల్పై మెలికలు తిరిగి ఉంది. ఈసీజీలోనూ ఎడమ వైపు గుండె మీద పడ్డ భారం జాడలు దొరికాయి.

ఎక్కువ బీపీ గుండెకు చేసేది ఇదే. రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువైనకొద్దీ ఎడమ గది మరింత బలంగా తోయాలి. బస్తాలు మోసే హమాలీ భుజం గట్టిపడినట్టు దాని గోడ మందమవుతుంది. మొదట్లో మనిషికి ఏమీ తెలియదు. గోడ మందమైనకొద్దీ గట్టిపడి, గుండె సరిగ్గా వదులు కాలేదు. కొన్నేళ్లకు అలిసిపోయి సాగిపోతుంది. తోయలేని రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. రూజ్‌వెల్ట్ ఆయాసం, రాని నిద్ర, పోని దగ్గు, అన్నిటికీ మూలం అక్కడే ఉంది. బ్రాంకైటిస్ కూడా ఉన్న మాట నిజమే గానీ కథ అంతకంటే పెద్దది. బీపీ వల్ల వచ్చిన గుండె జబ్బు, గుండె వైఫల్యం అని బ్రూయెన్ రాశాడు.

ఎక్స్‌రే చూపించేది నీడను మాత్రమే. నీడ ఛాతీ వెడల్పులో సగం దాటితే గుండె పెరిగిందని అర్థం. గోడ ఎంత మందం, లోపల గది ఎంత సాగింది, ప్రతి కొట్టుకు ఎంత రక్తం బయటికి పోతోంది, ఇవేవీ ఆ ఫిల్ములో కనబడవు. అల్ట్రాసౌండ్ శబ్దంతో గుండెను చూసే ఎకో పరీక్షకు స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగె ఎడ్లర్, హెల్ముత్ హెర్ట్జ్ అనే ఇద్దరు శ్రీకారం చుట్టింది 1953లో. ఇవాళ బీపీ బాగా ఎక్కువున్న పేషెంటుకు డాక్టర్ ఎకో రాస్తే చూసేది ఆ గోడ మందాన్నే. మామూలుగా అది సుమారు ఒక సెంటీమీటరు, అంతకు మించి పెరుగుతుంటే బీపీ పని మొదలుపెట్టినట్టే. ఆయాసం రాకముందే, నీడ పెరగకముందే ఇది తెలుస్తుంది. బీపీ అదుపులోకి వస్తే ఆ మందం కొంత తగ్గుతుంది కూడా. రూజ్‌వెల్ట్‌కు ఆ అవకాశం లేకపోయింది. ఆయన గుండె ఫొటో తీసేనాటికే ఇల్లు సగం కాలింది.

బ్రూయెన్ డిజిటాలిస్ ఇవ్వాలన్నాడు, ఉప్పు తగ్గించి, మంచం మీద విశ్రాంతి ఇవ్వాలన్నాడు. యుద్ధం నడిపే ప్రెసిడెంటును మంచాన పడుకోబెట్టడం కుదరదని మెకిన్‌టైర్ వాదన. అట్లాంటా నుంచి జేమ్స్ పాలిన్, బోస్టన్ నుంచి ఫ్రాంక్ లేహీ, ఇద్దరు పెద్ద డాక్టర్లు వచ్చి చూశాక డిజిటాలిస్ మొదలైంది. సిగరెట్లు రోజుకు ఐదారుకు తగ్గాయి. రెండు వారాలు తిరక్కుండానే కొత్త ఎక్స్‌రేలో గుండె నీడ కొంత చిన్నదైంది, ఊపిరితిత్తులు తేటపడ్డాయి. పేషెంటు హాయిగా నిద్రపోయాడు. బీపీ మాత్రం దిగలేదు.

వింత ఏమిటంటే, ఆకుపచ్చ మాత్ర ఎందుకని, రోజూ బీపీ ఎందుకు చూస్తున్నారని రూజ్‌వెల్ట్ ఏనాడూ అడగలేదు. ఎవరూ తమంతట తాము చెప్పలేదు కూడా. పేషెంటుకు ఏమీ చెప్పొద్దని బ్రూయెన్‌కు పైనుంచే ఆర్డర్. 1921లో, 39వ ఏట పోలియో రెండు కాళ్లనూ తీసుకుపోయినప్పటి నుంచీ బలహీనతను లోకానికి చూపించకుండా బతకడం ఆయనకు అలవాటే. న్యూయార్క్ గవర్నరైంది, దేశం ఆకలితో ఉన్నప్పుడు ప్రెసిడెంటైంది, ఇనుప కట్లు కట్టుకుని, పక్కనున్నవారి చెయ్యి పట్టుకుని నిలబడే. బహుశా గుండె విషయంలోనూ తెలుసుకోకపోవడమే మేలనుకున్నాడేమో. కానీ ఓటేసేవాడి సంగతి వేరు. 1944 నవంబరులో ఆయన నాలుగోసారి పోటీ చేశాడు. ప్రెసిడెంటు ఆరోగ్యం బాగుందని మెకిన్‌టైర్ పేపర్లకు చెబుతూనే ఉన్నాడు. అంతకు ముందు ఆగస్టులో బ్రెమర్టన్‌లో ఓడ మీద ప్రసంగిస్తుండగా ఛాతీ పట్టేసినంత నొప్పి వచ్చినా ప్రసంగం ఆపలేదు. జనం గెలిపించారు. అదే నవంబరు చివర్లో బీపీ 260/150కి చేరింది.

1945 ఫిబ్రవరిలో యాల్టా. స్టాలిన్, చర్చిల్‌తో వారం రోజుల బేరసారాలు. చర్చిల్ వెంట వచ్చిన డాక్టర్ లార్డ్ మోరాన్ దూరం నుంచి చూసే ఈ మనిషికి ఇక కొన్ని నెలలే అనుకున్నాడు. అక్కడే ఒక రాత్రి బ్రూయెన్‌కు నాడి ఒక కొట్టు బలంగా, ఒక కొట్టు బలహీనంగా దొరికింది. గుండె అలిసిపోయిందనడానికి గుర్తు అది.

తిరుగు దారిలో, ఫిబ్రవరి 14న ఈజిప్టు గ్రేట్ బిట్టర్ లేక్‌లో యుద్ధనౌక క్విన్సీ మీద సౌదీ బాద్‌షా ఇబ్నె సౌద్‌ను కలిశాడు. బాద్‌షాకు పాత గాయాల వల్ల నడక కష్టం. ఆ బాధ తెలిసినవాడే కాబట్టి రూజ్‌వెల్ట్ తన చక్రాల కుర్చీల్లో ఒకటి కానుకగా ఇచ్చాడు. ఆయన ఎదుట సిగరెట్ ముట్టలేదు. ఫలస్తీన్‌పై బాద్‌షా తన మాట గట్టిగానే చెప్పాడు. అరబ్బులకు వ్యతిరేకంగా ఏ చర్యా తీసుకోనని రూజ్‌వెల్ట్ ఏప్రిల్ 5న ఉత్తరం రాసి ఇచ్చాడు.

ఆ ఉత్తరం రాసి వారం తిరిగింది. ఏప్రిల్ 12, జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్. ఎలిజబెత్ షూమటాఫ్ అనే చిత్రకారిణి ఆయన బొమ్మ గీస్తోంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక తల వెనక భరించలేని నొప్పి అంటూ చెయ్యి పైకెత్తి, కుర్చీలోనే ఒరిగిపోయాడు. బ్రూయెన్ పరుగున వచ్చి కొలిస్తే బీపీ 300కు పైన, కింది అంకె 190. మెదడులో రక్తస్రావం. 3 గంటల 35 నిమిషాలకు ప్రాణం పోయింది. వయసు 63. పోస్టుమార్టం చేయలేదు. బొమ్మ సగంలోనే ఆగిపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది.

కొద్ది గంటల్లో ట్రూమన్ ప్రమాణం చేశాడు. ప్రెసిడెంటుకు ఇంత తీవ్రమైన జబ్బు ఉందని ఆయనకూ పూర్తిగా తెలియదు. మూడేళ్ల తర్వాత, 1948లో, దేశంలో గుండె జబ్బులపై పరిశోధనకు చట్టం మీద సంతకం పెట్టింది ఆయనే. మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్ ఊళ్లో వేలమంది ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం అదే ఏడాది మొదలైంది. బీపీని మామూలు విషయం అనుకోకూడదని తేల్చింది ఆ ఊరి లెక్కలే. మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటికి పంపి బీపీ దించే థయాజైడ్ మాత్రలు 1950ల చివర్లో వచ్చాయి.

బెథెస్డాలో భద్రంగా దాచిన రూజ్‌వెల్ట్ మెడికల్ ఫైలు ఆయన పోయాక కనిపించకుండా పోయింది. ఎవరు తీశారో నేటికీ తేలలేదు. బ్రూయెన్ పాతికేళ్లు నోరు విప్పలేదు. 1970లో, ఆనా ఒప్పుకున్నాక, తన దగ్గర మిగిలిన నోట్సు ఆధారంగా ఒక వైద్య పత్రికలో ఆ బీపీ అంకెలన్నీ తేదీలతో సహా ప్రచురించాడు.