ఎక్సెల్, స్లైడ్లు లేని రోజుల్లోనే.. చార్టులతో బ్రిటిష్ సర్కారును కదిలించిన నర్సు! నైటింగేల్ జీవితంలో చాలామందికి తెలియని కోణం

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే చేతిలో దీపం పట్టుకుని రాత్రిపూట వార్డుల్లో తిరిగే నర్సు గుర్తొస్తారు. స్కూలు పాఠంలో చదివిందీ అదే, ఏటా మే 12న నర్సుల దినోత్సవానికి కనిపించే బొమ్మా అదే. కానీ ఆమె పేరు నర్సింగ్ కాలేజీల్లోనే కాదు.. డేటాను చార్టులుగా గీయడం నేర్పే పుస్తకాల్లో కూడా తప్పకుండా ఉంటుంది. ఎక్సెల్ షీట్‌ను ఉన్నదున్నట్టు స్లైడ్ మీద అతికిస్తే మీటింగ్‌లో ఎవరూ పట్టించుకోరన్న సంగతి ఆఫీసుకెళ్లే వాళ్లందరికీ అనుభవమే. 1857లో ఆమెకు ఎదురైన సమస్య సరిగ్గా ఇదే. కాకపోతే ఆ పట్టికల్లో ఉన్నవి సేల్స్ లెక్కలు కావు, చనిపోయిన సైనికుల లెక్కలు.

తోటలో కాయల లెక్క

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టారు. ఊరి పేరే ఆమె పేరైంది. అంతకుముందు నేపుల్స్‌లో పుట్టిన అక్కకైతే ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థినోపీ అని పెట్టారు. బాగా డబ్బున్న ఇంగ్లిష్ కుటుంబం. డెర్బీషైర్‌లో ఒక ఇల్లు, హాంప్‌షైర్‌లో మరో ఇల్లు. తండ్రి కేంబ్రిడ్జిలో చదివినవారు కావడంతో కూతుళ్లకు గ్రీకు, లాటిన్, చరిత్ర తానే చెప్పారు. ఫ్లోరెన్స్‌కు మాత్రం లెక్కల మీద మనసు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే తోటలో కాసిన పళ్లు, కూరగాయల వివరాలు పట్టికలు గీసి రాసుకునేవారు. పెద్దయ్యాక ప్రభుత్వ ఆరోగ్య నివేదికలు, ఆస్పత్రుల లెక్కలు తెల్లారకముందే లేచి చదివేవారు.

నర్సునవుతానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. అప్పట్లో అది గౌరవమైన పని కాదు మరి. వచ్చిన పెళ్లి సంబంధం కాదన్నారు, ఏళ్ల తరబడి ఇంట్లో పోరాడారు. చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణ తీసుకున్నారు. 1853లో లండన్ హార్లీ స్ట్రీట్‌లోని ఓ చిన్న ఆస్పత్రికి సూపరింటెండెంట్ అయ్యారు. ఆ మరుసటి ఏడాదే క్రిమియా యుద్ధంలోకి బ్రిటన్ దిగింది. గాయపడ్డ సైనికులను ఎవరూ పట్టించుకోవడం లేదని పత్రికల్లో వార్తలు వచ్చాయి. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు పాత స్నేహితుడు. ఆయన కోరిక మీద 38 మంది నర్సులతో బయల్దేరి 1854 నవంబర్ 5న ఇస్తాంబుల్ ఎదుటి ఒడ్డున ఉన్న స్కూటరీ సైనిక ఆస్పత్రికి చేరారు.

ఆ చలికాలం

అక్కడి నుంచే దీపం కథ మొదలవుతుంది. బట్టలు, సబ్బులు, తిండి సమకూర్చడం, వంటగది సరిచేయడం, రాత్రిళ్లు వార్డుల్లో తిరగడం.. ఇవన్నీ నిజమే. కానీ కథలో ఎక్కువగా చెప్పని ముక్క ఒకటుంది. ఆమె వచ్చాక కూడా చావులు ఆగలేదు. ఆ మొదటి చలికాలంలోనే స్కూటరీలో 4 వేల మందికి పైగా సైనికులు చనిపోయారు. 1855 ఫిబ్రవరిలో చేరిన రోగుల్లో నూటికి 42 మందికి పైనే ప్రాణాలు పోయాయి. ఆ భవనం కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. వార్డుల్లో గాలి ఆడదు. నీళ్లొచ్చే దారిలో చచ్చిన గుర్రం కళేబరం ఉన్నట్టు తర్వాత బయటపడింది.

1855 మార్చిలో లండన్ నుంచి పారిశుద్ధ్య కమిషన్ దిగింది. డాక్టర్ జాన్ సదర్లాండ్, ఇంజినీర్ రాబర్ట్ రాలిన్సన్ అందులో ముఖ్యులు. మురుగు కడిగించారు, గోడలకు సున్నం వేయించారు, గాలి వచ్చేలా చేశారు. జూన్ నాటికి మరణాలు నూటికి 2కు కాస్త పైన ఆగాయి. అంత తేడా! అయితే అప్పుడు నైటింగేల్‌కు కూడా అసలు కారణం పూర్తిగా అర్థం కాలేదు. సరైన తిండి లేక, అతిగా పనిచేయించడం వల్ల, మరీ ఆలస్యంగా ఆస్పత్రికి తేవడం వల్ల పోయారనే ఆమె అనుకున్నారు.

1856 ఆగస్టులో ఇంటికి తిరిగొచ్చారు. స్వాగతాలు, ఊరేగింపులు తప్పించుకోవడానికి మిస్ స్మిత్ అనే పేరుతో ప్రయాణం చేశారు. సెప్టెంబర్‌లో బాల్మోరల్ కోటలో విక్టోరియా రాణిని, ప్రిన్స్ ఆల్బర్ట్‌ను కలిశారు. సైన్యంలో ఆరోగ్య పరిస్థితుల మీద రాయల్ కమిషన్ వేయాలన్నది ఆమె పట్టు. 1857 మేలో అది ఏర్పడింది.

పట్టిక చదివేదెవరు?

ఇక్కడే విలియం ఫార్ వస్తారు. ఇంగ్లండ్ జనన మరణాల రిజిస్ట్రార్ కార్యాలయంలో గణాంకాల నిపుణుడు. ఆమె తెచ్చిన లెక్కలను ఇద్దరూ కూర్చుని విడదీశారు. ఎవరు గాయాలతో పోయారు, ఎవరు కలరా, విరేచనాలు, టైఫస్ లాంటి రోగాలతో పోయారు, నెలకెంత మంది.. ఇలా. వచ్చిన ఫలితం ఆమెనే కుదిపేసింది. ఒక్క 1855 జనవరి తీసుకుంటే గాయాల వల్ల చనిపోయినవాళ్లు 83 మంది. నివారించగలిగే రోగాలతో పోయినవాళ్లు 2,761 మంది. ఇతర కారణాలతో మరో 324. అప్పటికి సైన్యం బలం 32 వేల చిల్లర. ఆ నెల వేగం అలాగే కొనసాగి ఉంటే, కొత్తవాళ్లు రాకపోతే, రష్యా తుపాకీ పేల్చక్కర్లేకుండానే ఏడాదిలోపు సైన్యం మొత్తం తుడిచిపెట్టుకుపోయేది. తాను నడిపిన ఆస్పత్రి కూడా ఆ లెక్కలో భాగమే. దాన్ని ఆమె దాచలేదు.

సమస్యేంటంటే ఇదంతా వందల పేజీల నివేదికలో, వరుస పట్టికల్లో ఉంది. మంత్రులు చదవరు. జనరల్స్ అసలే చదవరు. ఫార్‌కేమో పొడి లెక్కల మీదే నమ్మకం. నివేదికకు వాస్తవాలు చాలు, రంగులద్దే మాటలు వద్దన్నది ఆయన ధోరణి. విచిత్రం ఏంటంటే కలరా మరణాల మీద 1852లో ఆయనే గుండ్రటి చార్టులు గీయించారు. అసలు బార్ చార్టులు, పై చార్టులు అంతకు అర్ధ శతాబ్దం ముందే విలియం ప్లేఫేర్ అనే స్కాట్లాండ్ వ్యక్తి కనిపెట్టారు. అంటే నైటింగేల్ కొత్తగా కనిపెట్టింది పెద్దగా లేదు. ఉన్నదాన్ని ఎవరి ముందు, ఎలా పెట్టాలో ఆలోచించారు. ఆమె గొప్పతనం అక్కడుంది.

చార్ట్‌లో ఏముంది?

మొదట గీసిన చార్ట్ గబ్బిలం రెక్కలా ఉండేది. మధ్య బిందువు నుంచి నెలకో గీత, మరణాలు ఎంతుంటే గీత అంత పొడవు. గీతల కొసలు కలిపి లోపల రంగు నింపారు. చూడ్డానికి భయంకరంగా ఉంది. కానీ అందులో ఓ మోసం దాగుంది. గీత రెండింతలైతే రంగు నిండిన చోటు దాదాపు నాలుగింతలవుతుంది. కంటికి కనిపించేది గీత కాదు, రంగే. అంటే మరణాలు ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు పెంచి చూపినట్టవుతుంది. ఆమె వాదనకు అది లాభమే. అయినా దాన్ని పక్కనపెట్టి, ఈసారి విస్తీర్ణమే సంఖ్యకు సరిపోయేలా మళ్లీ గీయించారు. ఎక్సెల్‌లో బబుల్ చార్ట్ గీస్తే సైజును విస్తీర్ణంతో చూపాలా, వెడల్పుతో చూపాలా అని అడిగే ఆప్షన్ ఇప్పటికీ ఉంటుంది. చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరు.

కొత్త చార్ట్ 1858లో వచ్చింది. రెండు గుండ్రాలు. కుడివైపుది 1854 ఏప్రిల్ నుంచి 1855 మార్చి వరకు, ఎడమవైపుది ఆ తర్వాతి ఏడాది. ఒక్కో దాంట్లో 12 ముక్కలు, నెలకొకటి. పై చార్ట్‌లో ముక్క కోణం మారుతుంది. ఇందులో కోణాలన్నీ సమానమే, ముక్క బయటికి ఎంత సాగిందన్నదే తేడా. రంగులు మూడే మూడు. నివారించగలిగే రోగాలకు నీలం, గాయాలకు ఎరుపు, మిగతా కారణాలకు నలుపు. ప్రతి రంగునూ మధ్య బిందువు నుంచే కొలవాలని చార్ట్ మీదే రాసిపెట్టారు.

చూసినవాడికి ముందు కనిపించేది నీలమే. కాగితం అంచుల దాకా పాకిన నీలం మధ్యలో ఎర్ర ముక్క నలుసంత. యుద్ధమంటే కత్తి, తుపాకీ అనుకునేవాళ్లకు అది చెంపదెబ్బే. ఇక ఎడమవైపు చూస్తే నీలం చిక్కిపోతూ వచ్చి 1856 మొదటి నెలల్లో రోగాల మరణాలు రెండంకెల్లోకి పడిపోయాయి. రెండు గుండ్రాలను కలుపుతూ ఓ చుక్కల గీత. ఆ గీత ఉన్న చోటే పారిశుద్ధ్య కమిషన్ పని మొదలైంది. ఏడాదిని జనవరితో కాకుండా ఏప్రిల్‌తో మొదలుపెట్టడం వల్లే ముందు, తర్వాత అన్న తేడా అంత స్పష్టంగా పడింది. దీన్నే ఇప్పుడు కాక్స్‌కూంబ్ అంటున్నారు. నిజానికి ఆమె ఆ పేరు వాడింది చార్టులున్న చిన్న పుస్తకానికి, చార్ట్‌కు కాదు.

అందరూ చెప్పుకునేది ఈ గుండ్రటి చార్ట్ గురించే గానీ, చదవడానికి అంతకన్నా తేలికైంది ఇంకోటుంది. మామూలు అడ్డ బార్లు. యుద్ధం లేని రోజుల్లో, ఇంగ్లండ్‌లోనే బ్యారక్‌ల్లో ఉండే సైనికులను అదే వయసు మామూలు మగవాళ్లతో పోల్చారు. 20 నుంచి 25 ఏళ్ల లోపు వాళ్లలో ఏటా వెయ్యికి 8.4 మంది మామూలు జనం చనిపోతుంటే, సైనికులు 17 మంది చనిపోతున్నారు. 25-30 మధ్య 9.2కి 18.3. 30-35 మధ్య 10.2కి 18.4. 35-40 మధ్య 11.6కి 19.3. నాలుగు జతలు, జతకు ఒక నలుపు, ఒక ఎరుపు. ఏ బార్ ఎవరిదో వెతుక్కోవాల్సిన పనిలేదు. ప్రతి బార్ పక్కనే ఇంగ్లిష్ పురుషులు, ఇంగ్లిష్ సైనికులు అని మళ్లీ మళ్లీ రాయించారు. ఏరికోరి ఆరోగ్యవంతులనే సైన్యంలో చేర్చుకుంటారు కదా. వాళ్లు రెట్టింపు చావడమేంటన్న ప్రశ్న చూసినవాడికే తడుతుంది.

వీటిని నివేదిక చివర అనుబంధంలో వదిలేసి ఊరుకోలేదు. విడిగా అచ్చు వేయించి రాణికి, మంత్రులకు, పార్లమెంటు సభ్యులకు, సైనికాధికారులకు పంపారు. సైనిక కార్యాలయాల గోడల మీద ఫ్రేములు కట్టించి వేలాడదీయాలని కూడా ప్లాన్ వేశారు. ఆ తర్వాత బ్యారక్‌లలో గాలి, నీరు, మురుగు ఏర్పాట్లు మార్చే పని మొదలైంది. 1860లో ఆర్మీ మెడికల్ స్కూల్ తెరిచారు. సైన్యం ఆరోగ్య లెక్కలకు ప్రత్యేక విభాగం వచ్చింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. ఆ సంస్థలో చేరిన తొలి మహిళ ఆమే.

అన్నిసార్లూ గెలవలేదు. 1861 జనాభా లెక్కల్లో ఇళ్ల స్థితి, రోగుల సంఖ్య కూడా రాయాలని అడిగితే ప్రభుత్వం కాదంది. అదే ఏడాది సిడ్నీ హెర్బర్ట్ చనిపోయారు. తర్వాత చాలా ఏళ్లకు ఆక్స్‌ఫర్డ్‌లో గణాంక శాస్త్రానికి ప్రొఫెసర్ పదవి పెట్టించాలని చూసినా కుదరలేదు.

గోదావరి కాటన్ దొరకు అండగా

ఆమె ఎప్పుడూ ఇండియా రాలేదు. క్రిమియాలో 1855లో పట్టుకున్న జ్వరం తర్వాత ఆరోగ్యం మళ్లీ కుదుటపడలేదు. 1857 నుంచి చాలా కాలం మంచం మీద నుంచే పనిచేశారు. అయినా ఇండియా గురించి ఆమె రాసినంత అప్పటి లండన్‌లో కొద్దిమందే రాశారు. ఇక్కడి కంటోన్మెంట్లకు ప్రశ్నపత్రాలు పంపి వివరాలు తెప్పించుకున్నారు. బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నట్టు తేలింది. 1863లో వచ్చిన నివేదికకు ఆమె రాసిన భాగంలో చార్టులకు బదులు బొమ్మలున్నాయి. నీళ్లు ఎలా మోస్తారో, మురుగు ఎలా పోతుందో చూపే చెక్క అచ్చు చిత్రాలు. లెక్క ఏదైనా ముందు కంటికి ఆనాలన్న పట్టు అక్కడా వదల్లేదు.

సైనికుల నుంచి ఆమె దృష్టి మెల్లగా ఊళ్ల మీదికి మళ్లింది. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడిపోయింది. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ అప్పటికి ఇంగ్లండ్‌లో ఉండి, రైళ్ల కన్నా కాలువల మీద ఖర్చు పెట్టండని గొంతు చించుకుంటున్నారు. ప్రభుత్వంలో చాలామంది ఆయన్ను పిచ్చివాడిలా చూశారు. నైటింగేల్ మాత్రం ఆయన పక్షాన నిలబడ్డారు, ఉత్తరాలు నడిపారు, 1878లో ఇండియా రైతుల గురించి లండన్ పత్రికలో పెద్ద వ్యాసం రాశారు. సాగునీటి పనులకు ఎంత ఖర్చయింది, ఎంత తిరిగొచ్చింది అన్న లెక్కల కోసం ఇండియా ఆఫీసు వెంటపడ్డారు. క్రిమియా విషయంలోలా ఆ పోరాటం ఫలించలేదు. చేతిలో చక్కటి లెక్కలే లేకపోతే చార్ట్ ఎక్కణ్నుంచి వస్తుంది?

చివరి ఏళ్లలో చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు, అది అందుకున్న తొలి మహిళ ఆమే. 1910 ఆగస్టు 13న లండన్‌లోని ఇంట్లో 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబేలో ఖననం చేస్తామని ప్రభుత్వం ముందుకొచ్చినా కుటుంబం వద్దంది. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెల్లో చర్చి ఆవరణలో సొంతవాళ్ల సమాధుల దగ్గరే పూడ్చారు. రాతి మీద ఆమె పూర్తి పేరు కూడా లేదు, రెండు అక్షరాలు, పుట్టిన, పోయిన తేదీలు ఉన్నాయంతే.