మశూచిని ఎదిరించిన సేనాని

అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రథమాధ్యక్షుడుగా జార్జి వాషింగ్టన్ మనకు సుపరిచితుడే. ఆంగ్లేయులపై ఆయన సాధించిన విజయాలను పాఠ్యగ్రంథాలలో చదువుకున్నాము. కాని ఆ యుద్ధకాలంలోనే ఆయన మరొక శత్రువుతోనూ పోరాడవలసి వచ్చిన సంగతి మనలో కొద్దిమందికే తెలుసు. ఆ శత్రువు మశూచి. మన పూర్వులు అమ్మవారని పిలిచి భయభక్తులతో కొలిచిన వ్యాధి.

వాషింగ్టన్ 1732లో వర్జీనియాలో జన్మించాడు. 1751లో క్షయరోగపీడితుడైన అన్న లారెన్సుకు తోడుగా బార్బడోస్ దీవికి వెళ్ళి, పంతొమ్మిదేళ్ళ ప్రాయంలో అక్కడ మశూచి వాతబడ్డాడు. ఒకసారి సోకి బ్రతికినవారికి ఆ వ్యాధి సాధారణంగా మళ్ళీ రాదు. ఆ విధంగా ఆయనకు దేహరక్షణతోపాటు ఆ వ్యాధి తీవ్రత కూడా అనుభవంలోకి వచ్చింది.

1775 జూలైలో బోస్టన్ నగరాన్ని ముట్టడించిన సేనకు ఆయన నాయకత్వం స్వీకరించాడు. నగరంలో మశూచి ప్రబలి ఉన్నది. ఆంగ్ల సైనికులలో అనేకులకు అది మునుపే సోకి ఉన్నది. పల్లెలనుండి వచ్చిన అమెరికా యువకులలో అత్యధికులకు ఆ రక్షణ లేదు. అందుచేత ఆయన రోగులను వేరుగా ఉంచాడు. నగరం విడిచివచ్చిన కాందిశీకులను శిబిరంలోనికి రానీయలేదు. బోస్టన్ ఉత్తరాలను సైతం వెనిగరులో ముంచిన పిమ్మటనే అందుకొనేవారు. నిరాశ్రయులను దూరంగా నిలపడం కఠినమే. కాని ఒక్క రోగి చాలును, శిబిరమంతా మంచానపడడానికి. 1776 మార్చిలో ఆంగ్లేయులు నగరాన్ని వీడగా, మశూచి వచ్చి కోలుకున్న సైనికులనే ఆయన మొదట లోనికి పంపాడు.

ఇట్టి జాగ్రత్త కొరవడిన చోట ఏమి జరిగిందో క్వెబెక్ దండయాత్ర చాటింది. అక్కడి అమెరికా సేనను మశూచి ఛిన్నాభిన్నం చేసింది. సేనాపతి జాన్ థామస్ సైతం 1776 జూన్‌లో దానికే బలి అయ్యాడు.

నివారణోపాయం ఒకటి లేకపోలేదు. రోగి పొక్కులోని రసిని ఆరోగ్యవంతుని చర్మానికి గాటుపెట్టి ఎక్కించేవారు. ఆఫ్రికానుండి బానిసగా వచ్చిన ఒనెసిమస్ చెప్పగా తెలిసిన ఈ పద్ధతిని 1721లోనే బోస్టన్‌లో ప్రయోగించారు. సహజంగా సోకితే ఆరుగురిలో ఒకరైనా మరణించేవారు. ఈ పద్ధతిలో నూటికి ఇద్దరికి మించి మరణించడం అరుదు. అయితే గాటు వేయించుకున్నవాడు కొన్ని వారాలు రోగియై ఇతరులకు వ్యాధిని అంటించగలడు. న్యూయార్క్‌పై శత్రువు దాడి పొంచి ఉన్నందున 1776 మేలో వాషింగ్టన్ సైన్యంలో దీనిని నిషేధించాడు. ఆ వసంతంలోనే ఆయన సతీమణి మార్తా ఫిలడెల్ఫియాలో గాటు వేయించుకున్నది.

కట్టడి ఒక్కటే చాలదని గ్రహించి, 1777 ఫిబ్రవరిలో మోరిస్‌టౌన్ విడిదినుండి ఆయనే యావత్ సైన్యానికీ గాట్లు వేయించవలసిందిగా వైద్యుడు విలియం షిపెన్‌ను ఆజ్ఞాపించాడు. సగం సేన మంచంపై ఉన్నదని శత్రువు పసిగడితే సర్వనాశనమే. కనుక కార్యమంతా గోప్యంగా సాగింది. తదుపరి సంవత్సరాలలో మశూచి ఆ సైన్యాన్ని మునుపటివలె కృంగదీయలేకపోయింది.

వాషింగ్టన్ 1799లో కన్నుమూశాడు. 1796లో జెన్నర్ కనుగొన్న టీకా ఫలితంగా మశూచి ప్రపంచంనుండి తొలగినట్లు 1980లో ప్రకటించారు. తాను నిషేధించినదానినే, పరిస్థితిని తరచి చూచి, తానే ఆజ్ఞాపించగలిగిన ఆ వివేకం విద్యార్థులమైన మనకు ఆయన యుద్ధవిజయాలకంటె తక్కువ ఆదర్శం కాదు.