విజ్ఞాన సర్వస్వంలో న్యాయవాదికి స్థానం - బద్రుద్దీన్ త్యాబ్జీ

కవి కన్నుమూసినా కావ్యం మిగులుతుంది. శిల్పి గతించినా శిల్పం నిలుస్తుంది. న్యాయవాది శ్రమ అటువంటిది కాదు. ఎంతటి వాక్పటిమతో వాదించినా, తీర్పు వెలువడిన కొన్నాళ్ళకే ఆ వాదం కాగితాల కట్టలలో కలిసిపోతుంది. అందువల్ల విజ్ఞాన సర్వస్వానికి జీవిత చరిత్రలు కూర్చేవారికి న్యాయవాదుల విషయంలో ఒక చిక్కు ఎదురవుతుంది. అచ్చు సంపుటాలకు పుటల పరిమితి ఉండేది. నేడు కంప్యూటరు తెరపై వెలసిన సర్వస్వాలకు ఆ పరిమితి లేదు గాని, అర్హత ఎవరికన్న ప్రశ్న మాత్రం అలాగే ఉన్నది. ఆర్జించిన ధనమా, గెలిచిన వ్యాజ్యాలా, అధిష్ఠించిన పదవులా, ఏది కొలబద్ద? దీనికి సమాధానాన్ని బద్రుద్దీన్ త్యాబ్జీ జీవితంలో వెదకదలచాము.

ఆయన 1844 అక్టోబరు 10న బొంబాయిలో, సులేమానీ బోహ్రా వర్తక కుటుంబంలో జన్మించారు. 1860లో విద్యార్థిగా ఇంగ్లండు వెళ్ళారు. అనారోగ్యం వల్ల నడుమ స్వదేశానికి రావలసి వచ్చినా, కోలుకొని తిరిగి వెళ్ళి, 1867లో బారిస్టరు పట్టా పొందారు. బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు పెట్టిన తొలి భారతీయ బారిస్టరు ఆయనే.

తొలివాడు కావడం ఘనతే. అయితే అందులో కాలం కలిసివచ్చిన పాలు కూడా ఉంటుంది. ఒక తలుపు తెరుచుకొన్నప్పుడు ముందుగా ఎవరో ఒకరు లోపలికి వెళ్ళవలసిందే. వెళ్ళినవారు అక్కడ ఏమి చేశారన్నదే విచారించదగినది.

త్యాబ్జీ తన సంపాదనతో సుఖంగా కాలం గడపవచ్చు. అందుకు మారుగా 1873లో నగరపాలక సంస్థలో ప్రవేశించారు. ముస్లిం బాలుర విద్యకై 1874లో ఏర్పడిన అంజుమనె ఇస్లాం స్థాపకులలో ఒకరై, జీవితాంతం దానికి అండగా నిలిచారు. పరదా పట్టింపు గట్టిగా ఉన్న ఆ రోజులలోనే తన కుమార్తెలను చదివించారు. 1885లో ఫిరోజ్‌షా మెహతా, కాశీనాథ్ త్ర్యంబక్ తెలంగులతో కలిసి బొంబాయి ప్రెసిడెన్సీ అసోసియేషన్‌ను నెలకొల్పారు.

1887లో మద్రాసులో జరిగిన మూడవ కాంగ్రెస్ మహాసభకు ఆయన అధ్యక్షులు. ఆ పదవి నలంకరించిన తొలి ముస్లిం ఆయనే. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాష్ట్రంలోనివే గనుక, ఆ సభ తెలుగువారి ముంగిట జరిగినట్లే. సర్ సయ్యద్ అహమ్మద్ ఖాన్ వంటి పెద్దలు కాంగ్రెస్‌ను వ్యతిరేకించగా, అందరికీ సమానమైన సమస్యలపై అన్ని మతాలవారూ కలిసి పనిచేయాలని త్యాబ్జీ వాదించారు. ఆ వ్యతిరేకత తీవ్రం కాగా, 1888లో కాంగ్రెస్‌ను కొన్నేళ్ళు నిలిపివేద్దామని హ్యూమ్‌కు ఆయనే సూచించారు. జీవిత చరిత్ర రాసేవారు ఈ సంశయాన్ని కూడా దాచకూడదని మా అభిప్రాయం. మెచ్చుకోలు మాత్రమే రాస్తే అది సన్మాన పత్రం అవుతుంది.

1895లో ఆయన బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1897లో బాలగంగాధర తిలక్‌పై రాజద్రోహ నేరం మోపబడింది. మేజిస్ట్రేటూ, హైకోర్టూ జామీను నిరాకరించాయి. ఆగస్టులో ఆ అర్జీ మరల త్యాబ్జీ ఎదుటికి వచ్చింది. ముద్దాయి విచారణకు హాజరయ్యేటట్లు చూడడమే జామీను ప్రయోజనమనీ, దోషి అని తేలకముందే అతనిని శిక్షించడం న్యాయం కాదనీ భావించి, ఆయన తిలక్‌ను జామీనుపై విడుదల చేశారు. ప్రభుత్వ ఆగ్రహానికి ఆయన వెరవలేదు. తరువాత మరొక న్యాయమూర్తి ఎదుట తిలక్‌కు 18 నెలల శిక్ష పడిన మాట నిజమే. అయినా ఆ జామీను ఉత్తర్వు విలువ తరగలేదు.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటున్నది. ఆనాడు తిలక్ పక్షాన జామీను కోరిన న్యాయవాది దిన్షా దావర్. 1908లో ఆ దావరే న్యాయమూర్తి పీఠం నుండి తిలక్‌కు 6 సంవత్సరాల ద్వీపాంతరవాసం విధించారు. హైకోర్టు ఒకటే, ముద్దాయి ఒకరే. పీఠం ఇద్దరికీ దక్కింది. కనుక పదవి కొలబద్ద కాజాలదు. ఆ పదవిలో కూర్చుండి అధికారానికీ, న్యాయానికీ నడుమ నిలిచిన క్షణంలో ఏమి చేశారన్నదే కొలబద్ద.

1902లో త్యాబ్జీ ఆ హైకోర్టుకు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. 1906 ఆగస్టు 19న లండన్‌లో పరమపదించారు.

ఆయన వసూలు చేసిన ఫీజుల లెక్క నేడెవరికీ పట్టదు. ఆయన నిలబెట్టిన విద్యాలయంలో పిల్లలు నేటికీ చదువుకొంటున్నారు. జామీను గురించి ఆయన పాటించిన నియమం ఏ పేరూ లేని నిరుపేద ముద్దాయికి సైతం రక్షణ కాగలదు. తన కక్షిదారులు కానివారికి కూడా మేలు మిగిల్చిన న్యాయవాదికి విజ్ఞాన సర్వస్వంలో చోటు న్యాయంగా చెందుతుంది. న్యాయశాస్త్రం చదవబోయే మా విద్యార్థులు నల్లకోటు తొడుక్కొనే ముందు ఈ కొలబద్దను ఒకసారి మనసులో నిలుపుకోవాలని మా ఆకాంక్ష.